ఆఫీసు కీ టెలిఫోన్ వ్యవస్థ: సర్వే నుంచి అప్పగింత వరకు వైరింగ్ మార్గదర్శి

కీ టెలిఫోన్ వ్యవస్థ అంటే కొన్ని బయటి లైన్లను మీటలున్న ఫోన్ల ద్వారా ఆఫీసంతా పంచుకునే ఏర్పాటు. అది పెట్టుకున్న ఆఫీసుల్లో వచ్చే ఫిర్యాదులను విడివిడిగా చూస్తే, లైన్లనూ ఫోన్లనూ కలిపే యంత్రం చెడిపోవడం వల్ల వచ్చినవి కొన్నే ఉంటాయి. మిగిలినవన్నీ గోడ మీద ఉండే, తీగలన్నీ వచ్చి కలిసే పంపిణీ ఫ్రేమ్‌లోనో, వంపులో దాగిన అతుకులోనో, పేరుకు మాత్రమే ఉన్న ఎర్తులోనో పుడతాయి. యంత్రాన్ని గోడకు తగిలించడానికి ఒక పూట చాలు. కేబుళ్లు లాగి, ఫ్రేమ్ కట్టి, ప్రతి పెయిర్‌కూ (రెండు తీగల జతకూ) పేరు రాసి పెట్టడమే అసలు పని, పదేళ్ల పాటు ఫలితమిచ్చేదీ అదే. అందుకే ఈ మార్గదర్శిలో ప్రోగ్రామింగ్ కంటే వైరింగ్‌కే ఎక్కువ చోటు ఇచ్చాను. తిరుపతి, చిత్తూరు ప్రాంతాల భవనాలు, వానలు, పిడుగులు, ఇక్కడి టెలిఫోన్ లైన్ల పరిస్థితి దృష్టిలో పెట్టుకుని రాశాను.

ముందుగా వ్యవస్థ స్వరూపం

బయటి నుంచి వచ్చే టెలిఫోన్ లైనును ట్రంక్ అనీ, లోపలి టేబుళ్ల మీది ఫోన్లను ఎక్స్‌టెన్షన్లు అనీ అంటారు. కీ ఫోన్ మీద ప్రతి ట్రంక్‌కూ ఒక మీట, దాని పక్కన ఒక దీపం ఉంటాయి. ఏ లైను ఖాళీగా ఉంది, ఏ లైనులో ఎవరో మాట్లాడుతున్నారు, ఏది హోల్డ్‌లో ఉంది అన్నది ఆ దీపం వెలిగే తీరును బట్టి కూర్చున్న చోటి నుంచే తెలుస్తుంది. రంగులు, మిణుకు వేగం కంపెనీని బట్టి మారతాయి. వెనకటి తరం యంత్రాల్లో ప్రతి లైనుకూ మాటకు వేరే, దీపానికి వేరే తీగలు కావలసి రావడంతో ఒక్కో ఫోనుకు 25 పెయిర్ల లావుపాటి కేబుల్ లాగవలసి వచ్చేది. ఇప్పటి ఎలక్ట్రానిక్ యంత్రాల్లో కీ ఫోనుకు రెండు పెయిర్లు చాలు: ఒకటి మాటకు, రెండోది మీటలూ దీపాల సమాచారానికి. పూర్తి డిజిటల్ రకాల్లో ఒక్క పెయిరే సరిపోతుంది. సాధారణ ఫోనుకు ఎప్పుడూ ఒకే పెయిర్. ఈరోజు మార్కెట్లో ఈపీఏబీఎక్స్ (ఆఫీసు లోపలి ఎక్స్ఛేంజి) పేరుతో దొరికే చిన్న యంత్రాలు చాలావరకు ఈ రెండు రకాల ఫోన్లనూ తీసుకుంటాయి. ఉదాహరణకు, మన ఆఫీసుల్లో ఇప్పటికీ కనిపించే పానాసోనిక్ కేఎక్స్-టీఈఎస్ 824 యంత్రం 3 ట్రంకులు, 8 ఎక్స్‌టెన్షన్లతో మొదలై, కార్డులు చేర్చుకుంటూ పోతే 8 ట్రంకులు, 24 ఎక్స్‌టెన్షన్ల వరకు పెరుగుతుంది.

అందరికీ కీ ఫోన్లు అక్కరలేదు. కాల్ అందుకుని ఇతరులకు పంపే రిసెప్షన్‌కు ఒకటి, మేనేజరుకు ఒకటి ఇచ్చి, మిగిలిన వారికి సాధారణ ఫోన్లు పెడితే ఖర్చు తగ్గుతుంది, మరమ్మతూ సులువవుతుంది.

సర్వే, పెయిర్ల పట్టిక

తిరుపతిలో రేణిగుంట రోడ్డు వైపున్న ఒక మూడంతస్తుల ట్రావెల్స్ ఆఫీసును ఉదాహరణగా తీసుకుందాం. ట్రంకులు మూడు. గ్రౌండ్ ఫ్లోరులో రిసెప్షన్, రెండు బుకింగ్ టేబుళ్లు, క్యాష్, సెక్యూరిటీ ఉన్నాయి. మొదటి అంతస్తులో మేనేజరు గది, అకౌంట్స్‌కు రెండు టేబుళ్లు ఉన్నాయి. రెండో అంతస్తులో స్టోరు, క్యాంటీన్ ఉన్నాయి. రిసెప్షన్, మేనేజరు కీ ఫోన్లకు రెండేసి పెయిర్లు, మిగిలిన ఎనిమిది ఫోన్లకు ఒక్కోటి చొప్పున మొత్తం పన్నెండు పెయిర్లు కావాలి. ఈ లెక్క కాగితం మీద అంతస్తుల వారీగా తేలాకే కేబుల్ కొనాలి. గ్రౌండ్ ఫ్లోరుకు ఆరు, మొదటి అంతస్తుకు నాలుగు, రెండో అంతస్తుకు రెండు పెయిర్లు అవసరం. అయినా మొదటి అంతస్తుకు పది పెయిర్ల కేబుల్, రెండో అంతస్తుకు ఐదు పెయిర్ల కేబుల్ వేయాలని నా సలహా. కేబుల్ ధరలో తేడా కొద్దిగానే ఉంటుంది, ఏడాది తరువాత గోడ కొట్టి మళ్లీ లాగే కూలి మాత్రం దానికి ఎన్నో రెట్లు ఉంటుంది.

ఇదే సమయంలో ప్రతి టేబుల్ దగ్గరా సాకెట్ ఏ ఎత్తులో రావాలో, పైపు ఏ దారిన పోవాలో సుద్దముక్కతో గోడ మీద గుర్తు పెట్టి యజమానికి చూపించాలి. సోఫా వెనకనో, ఇనుప బీరువా వెనకనో పడిన సాకెట్‌ను తరువాత ఎవరూ చేరుకోలేరు.

యంత్రానికి చోటు

యంత్రం పొడిగా, గాలి ఆడే చోట, మనిషి కంటి ఎత్తుకు దగ్గరగా గోడ మీద ఉండాలి. 2021 నవంబరు వరదల్లో తిరుపతిలోని అనేక కాలనీల్లో గ్రౌండ్ ఫ్లోర్లలోకి నీళ్లు వచ్చిన సంగతి అందరికీ తెలిసిందే. పల్లపు ప్రాంతంలో ఉన్న ఆఫీసైతే యంత్రాన్నీ, ఫ్రేమ్‌నూ మొదటి అంతస్తులో పెట్టడమే మంచిది. బాత్‌రూమ్ గోడ, ఏసీ నీరు కారే చోటు, ఇన్వర్టర్ బ్యాటరీల పైభాగం పనికిరావు. బ్యాటరీ నుంచి వచ్చే ఆవిరి రాగి కాంటాక్టులను తినేస్తుంది. నిత్యం దీపధూపాలు జరిగే పూజ అల్మరా పక్కన కూడా వద్దు, నూనె మసి సన్నని కనెక్టర్ల మీద పేరుకుంటుంది.

మన వైపు చాలామంది కరెంటు సామానంతా ఆగ్నేయ మూలలోనే ఉండాలని కోరతారు. ఆ కోరికను మన్నించడంలో ఇబ్బంది లేదు. కాకపోతే అక్కడ ఇప్పటికే మీటరు బోర్డు, యూపీఎస్ ఉంటాయి కాబట్టి, టెలిఫోన్ ఫ్రేమ్‌ను వాటికి కనీసం ఒక అడుగు ఎడంగా, వీలైతే అదే మూలకు చెందిన రెండో గోడ మీద అమర్చాలి.

కేబుల్ లాగడం

లోపలి వైరింగ్‌కు 0.5 మిల్లీమీటర్ల రాగి తీగతో, మెలితిప్పిన పెయిర్లున్న టెలిఫోన్ కేబుల్ వాడాలి. 0.4 మిల్లీమీటర్ల కేబుల్ చవకగా దొరుకుతుంది గానీ సాకెట్ దగ్గర రెండు సార్లు వంచితే తీగ తెగుతుంది, పైగా దాని నిరోధం ఎక్కువ. 0.5 తీగ పెయిర్‌కు పోయి వచ్చే దూరం కలిపి కిలోమీటరుకు సుమారు 175 ఓంలు ఉంటే, 0.4 తీగకు 270 ఓంలు దాటుతుంది. రాగి పూత పూసిన అల్యూమినియం తీగను మాత్రం ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోకూడదు. ముందు ముందు ఐపీ ఫోన్లకు మారాలన్న ఆలోచన ఉన్న ఆఫీసులు ఇప్పుడే క్యాట్ 6 కేబుల్ లాగించుకోవడం దూరదృష్టి అవుతుంది. ఆ కేబుల్‌లోని నీలం పెయిర్‌ను టెలిఫోనుకు వాడుకోవచ్చు.

ప్రతి ఫోనుకూ ఫ్రేమ్ నుంచి విడిగా ఒక దారి ఉండాలి. ఒక టేబుల్ నుంచి పక్క టేబుల్‌కు, అక్కడి నుంచి ఇంకో టేబుల్‌కు గొలుసుకట్టుగా తీగ లాగితే సాధారణ ఫోన్లు ఎలాగో మోగుతాయి గానీ కీ ఫోన్లు పనిచేయవు, లోపం వచ్చినప్పుడు ఎక్కడ వెతకాలో కూడా తెలియదు. ఫ్రేమ్‌కూ సాకెట్‌కూ మధ్య దారిలో అతుకు వేయరాదు. తప్పనిసరైతే అది మూత తెరిచి చూడగలిగే జంక్షన్ పెట్టెలోనే ఉండాలి.

కరెంటు తీగలున్న పైపులో టెలిఫోన్ కేబుల్ దూర్చడం అపాయకరం, నిబంధనలకు విరుద్ధం కూడా. రెండూ పక్కపక్కన పోవలసి వస్తే ఒక అడుగు దూరం పాటించాలి. దాటవలసిన చోట అడ్డంగా, లంబకోణంలో దాటించాలి. గాంధీ రోడ్డు చుట్టుపక్కల పాత భవనాల్లో ఎలుకల బెడద ఉంటుంది కాబట్టి ఫాల్స్ సీలింగ్ పైన కేబుల్‌ను ఊరికే పరచకుండా పీవీసీ పైపులోనే తీసుకుపోవాలి. గట్టి రాతి గోడలున్న చోట కేసింగ్-కేపింగ్ పట్టీ అనువుగా ఉంటుంది.

కేబుల్ లాగిన వెంటనే రెండు కొసలకూ ఒకే గుర్తు అంటించాలి. పని అంతా అయ్యాక వేద్దామనుకుంటే ఏ కొస ఏ గదిదో తేల్చడానికి టోనర్ (తీగలోకి శబ్దం పంపి దాని రెండో కొసను కనిపెట్టే పరికరం) పట్టుకుని ఇద్దరు మనుషులు మళ్లీ తిరగాలి.

ఫ్రేమ్ కట్టడం

ఈ భాగంలో తొందరపడకూడదు. బయటి లైన్లు, యంత్రం, గదుల కేబుళ్లు మూడూ కలిసేది ఎండీఎఫ్ అని పిలిచే ఈ పంపిణీ ఫ్రేమ్ దగ్గరే. వీటిని యంత్రం మీద నేరుగా కలిపేస్తే పని త్వరగా అయిపోతుంది గానీ, రేపు ఎవరి టేబుల్ మారినా యంత్రం కనెక్టర్లను కదిలించాలి, కదిలించిన ప్రతిసారీ అవి బలహీనపడతాయి.

పది పెయిర్ల క్రోన్ మాడ్యూళ్లను (తీగలు గుచ్చే పట్టీలను) పైనుంచి కిందికి మూడు వర్గాలుగా అమర్చాలి. అన్నిటికన్నా పైన ట్రంకుల మాడ్యూల్ ఒకటి. దాని కింద యంత్రం నుంచి వచ్చే ఎక్స్‌టెన్షన్ల మాడ్యూళ్లు రెండు. వాటి కింద గదుల నుంచి వచ్చే కేబుళ్ల మాడ్యూళ్లు అంతస్తుకొకటి చొప్పున మూడు. మన ఉదాహరణకు ఆరు మాడ్యూళ్లు చాలు. యంత్రం మాడ్యూల్‌కూ గదుల మాడ్యూల్‌కూ మధ్య సంబంధం జంపర్ వైరుతోనే (ఒక మాడ్యూల్ నుంచి మరో మాడ్యూల్‌కు వేసే పొట్టి తీగల జతతోనే) కలపాలి. మేనేజరు రేపు రెండో అంతస్తుకు మారితే రెండు జంపర్లు తీసి వేరే చోట గుచ్చితే ఆయన నంబరు, మీటలు, సౌకర్యాలు అన్నీ ఆయనతో పాటే వెళ్తాయి. యంత్రాన్ని ముట్టుకోనక్కరలేదు.

పెయిర్లను రంగుల వరుసలో గుచ్చాలి. మొదటి వరుస రంగులు తెలుపు, ఎరుపు, నలుపు, పసుపు, ఊదా. రెండో వరుస రంగులు నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, బూడిద. తెలుపు-నీలం ఒకటో పెయిర్, తెలుపు-నారింజ రెండోది, ఇలా తెలుపు-బూడిద ఐదోది అవుతుంది. ఎరుపు-నీలంతో ఆరో పెయిర్ మొదలవుతుంది, నలుపు-నీలం పదకొండోది, పసుపు-నీలం పదహారోది. ఈ వరుసను ఎవరైనా పాటిస్తే, రేపు ఆ ఫ్రేమ్ తెరిచే మరో మెకానిక్‌కు ఎవరూ ఏమీ చెప్పనక్కరలేదు. పై కోటును అవసరమైనంత మేరకే తీసి, గుచ్చే చోటు వరకు పెయిర్ మెలిక విప్పకుండా ఉంచాలి.

క్రోన్ మాడ్యూల్‌లో తీగను దాని పంచింగ్ టూల్‌తోనే దించాలి. తీగ తొక్క ఒలవనక్కరలేదు, ఏటవాలుగా ఉన్న రెండు వెండి పూత అంచులు తొక్కను కోసుకుని రాగిని పట్టుకుంటాయి. టూల్ కత్తెర వైపు బయటికి, అంటే తీగ మిగులు ఉన్న వైపుకు తిప్పి నొక్కితే టక్కుమన్న చప్పుడుతో తీగ దిగి, మిగులు తెగి పడుతుంది. స్క్రూడ్రైవర్‌తో నొక్కితే ఆ అంచులు ఎడమైపోతాయి. ఆ రోజు పనిచేసినట్లే ఉండి, ఎండాకాలం వేడికీ వానాకాలం చెమ్మకూ పట్టు సడలి ఫోన్ గరగరమంటుంది. ఒక ఖానాలో ఒక తీగే ఉండాలి. రెండు తీగలు కుక్కితే పైది మాత్రమే పట్టుకుంటుంది.

సాకెట్లు

ఫోన్ త్రాడు గుచ్చే చిన్న ఆర్‌జే 11 సాకెట్‌లో మధ్యనున్న 3, 4 పిన్నులు మొదటి పెయిర్‌వి, వాటికి ఇరుపక్కలా ఉన్న 2, 5 పిన్నులు రెండో పెయిర్‌వి. కీ ఫోనుకు నాలుగు తీగల త్రాడు కావాలి. రెండు తీగల త్రాడు తగిలిస్తే టోన్ వినిపించినా మీటలు, దీపాలు పనిచేయవు. కొత్త కీ ఫోన్ పాడైందని దుకాణానికి తిరిగి పంపే ముందు త్రాడును చూడాలి. క్యాట్ 6 కేబుల్‌ను 568-బీ అనే ప్రామాణిక రంగుల వరుసలో ముగించిన ఎనిమిది పిన్నుల సాకెట్ అయితే మొదటి పెయిర్ నీలం మీద, రెండో పెయిర్ ఆకుపచ్చ మీద పడుతుంది. అలాంటి గోడ సాకెట్ మీద ఇది ఫోనుదా, కంప్యూటరుదా అన్నది స్పష్టంగా రాసి ఉండాలి. మోగే లైనును నెట్‌వర్క్ స్విచ్‌కు తగిలిస్తే ఆ పోర్టు చెడిపోయే ప్రమాదం ఉంది.

ఎర్తు, పిడుగుల రక్షణ

శేషాచలం కొండల పాదాల దగ్గర మే నెల సాయంత్రాల్లో ఉరుములతో వచ్చే గాలివానలూ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉండే ఈశాన్య రుతుపవనాల వానలూ టెలిఫోన్ యంత్రాలకు పరీక్షా కాలం. పిడుగు నేరుగా పడనక్కరలేదు. దూరంగా పడినా పొడవైన తీగల్లో పుట్టే వోల్టేజీ ట్రంక్ కార్డును కాల్చేయగలదు.

యంత్రం ఎర్తు స్క్రూ నుంచి కనీసం 2.5 చదరపు మిల్లీమీటర్ల ఆకుపచ్చ రాగి తీగను, మధ్యలో అతుకు లేకుండా, వంపులు తక్కువగా ఉండేలా ఎర్తు పట్టీ వరకు తీసుకుపోవాలి. కుళాయి పైపుకు చుట్టడం ఎర్తు కాదు. ఇప్పటి పైపులు ప్లాస్టిక్‌వే. ఎర్తు నిరోధం 5 ఓంలకు మించకుండా చూసుకోవాలి. కొండవాలు ప్రాంతాల్లో పైన పలచని మట్టి, కింద రాయి ఉంటుంది కాబట్టి ఒక్క పైపుతో ఈ విలువ రాకపోవచ్చు. అలాంటప్పుడు ఎడంగా రెండో పైపు దింపి రెండింటినీ కలపాలి. ఎండాకాలంలో ఎర్తు గుంతకు నీళ్లు పోయించే బాధ్యత ఎవరిదో ముందే తేల్చాలి. టెలిఫోనుకు విడిగా ఎర్తు వేస్తే దాన్ని భవనపు కరెంటు ఎర్తుతో తప్పక కలపాలి. కలపకుండా వదిలేస్తే పిడుగు సమయంలో రెండు ఎర్తుల మధ్య ఏర్పడే వోల్టేజీ తేడా యంత్రం గుండానే దారి చూసుకుంటుంది. ఇది చాలా చోట్ల నిర్లక్ష్యానికి గురవుతున్న విషయం కాబట్టి గట్టిగా చెబుతున్నాను.

బయటి నుంచి రాగి మీద వచ్చే ప్రతి పెయిర్‌కూ ఫ్రేమ్ దగ్గర గ్యాస్ ట్యూబ్ (ఎక్కువ వోల్టేజీ వస్తే దాన్ని ఎర్తుకు మళ్లించే చిన్న గొట్టం) రక్షణ ఉండాలి, ఆ రక్షణ పట్టీ ఎర్తుకు కలిసి ఉండాలి. ఎర్తు లేని రక్షణ అలంకారమే. చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు పరిశ్రమల్లో ఆఫీసు ఒక చోట, కాటా గది మరో వంద, నూట యాభై మీటర్ల దూరంలో ఉంటాయి. ఆ మధ్యలో కేబుల్‌ను స్తంభాల మీద వేలాడదీయకుండా జెల్లీ నింపిన కవచపు కేబుల్‌ను పైపులో భూమిలో వేసి, రెండు కొసల్లోనూ గ్యాస్ ట్యూబులు పెట్టాలి. నిరోధం లెక్కన చూస్తే నూట యాభై మీటర్లకు 0.5 తీగ చేర్చేది సుమారు 26 ఓంలే కాబట్టి సాధారణ ఫోనుకు ఆ దూరం సమస్య కాదు. కీ ఫోన్‌ను అంత దూరంలో పెట్టదలిస్తే యంత్రం మాన్యువల్‌లో దూర పరిమితి చూసుకోవాలి.

బయటి లైన్లు: రాగి, ఫైబర్

ఇంతకు ముందు ట్రంక్ అంటే బీఎస్‌ఎన్‌ఎల్ స్తంభం నుంచి వచ్చే రాగి పెయిర్ మాత్రమే. ఇప్పుడు చాలా ఆఫీసులకు ఫైబర్ వస్తోంది, ఓఎన్‌టీ అనే చిన్న పెట్టెలోని ఫోన్ పోర్టు నుంచే టెలిఫోన్ లైను అందుతోంది. ఆ పోర్టు నుంచి రెండు తీగల త్రాడుతో ఫ్రేమ్‌లోని ట్రంక్ మాడ్యూల్‌కు కలిపితే యంత్రానికి తేడా తెలియదు. అయితే మూడు విషయాలు చూడాలి. ఓఎన్‌టీకి సాధారణంగా ఒకటో రెండో ఫోన్ పోర్టులే ఉంటాయి కాబట్టి మూడు ట్రంకులు కావాలంటే ఏర్పాటు ముందే మాట్లాడుకోవాలి. కరెంటు పోతే ఓఎన్‌టీ ఆగిపోతుంది కాబట్టి అది కూడా యంత్రంతో పాటే యూపీఎస్ మీద ఉండాలి. ఒకే నంబరు ప్రచారం చేసి మూడు లైన్ల మీద కాల్స్ అందుకోవాలంటే హంటింగ్ (ఒక లైను బిజీగా ఉంటే కాల్ తరువాతి లైనుకు పోయే) సదుపాయాన్ని సర్వీసు ఇచ్చే సంస్థే కల్పించాలి, యంత్రంలో పెట్టేది కాదు.

చాలా యంత్రాల్లో కరెంటు పోయినప్పుడు మొదటి ట్రంక్ నేరుగా ఒక నిర్ణీత ఎక్స్‌టెన్షన్‌కు కలిసే ఏర్పాటు ఉంటుంది. ఆ ఎక్స్‌టెన్షన్‌కు కీ ఫోన్ కాకుండా సాధారణ ఫోన్ పెట్టి సెక్యూరిటీ దగ్గర ఉంచాలి. రాగి లైను ఒక్కటైనా మిగిలి ఉంటే దాన్నే మొదటి ట్రంక్‌గా పెట్టుకోవాలి. అప్పుడే ఈ ఏర్పాటుకు అర్థం ఉంటుంది.

కరెంటు ఇచ్చే ముందు పరీక్షలు

యంత్రం కనెక్టర్లు ఇంకా తగిలించకుండానే, గది చివర పెయిర్ రెండు తీగలనూ కలిపి ఫ్రేమ్ దగ్గర మల్టీమీటరుతో నిరోధం చూడాలి. ముప్పై మీటర్ల దారికి 5 ఓంల చుట్టూ రావాలి. ఇరవై, ముప్పై ఓంలు చూపిస్తే ఎక్కడో పట్టు సడలిందని అర్థం. తరువాత కొస విడదీసి తీగకూ తీగకూ మధ్య, తీగకూ ఎర్తుకూ మధ్య ఇన్సులేషన్ చూడాలి. మెగ్గర్ (ఎక్కువ వోల్టేజీ పంపి ఇన్సులేషన్ కొలిచే పరికరం) వాడితే ఫోన్లు, యంత్రం, గ్యాస్ ట్యూబులు అన్నీ విడదీసి ఉండాలి. 500 వోల్టులు యంత్రంలోకి పోతే బాగుచేయడానికి ఏమీ మిగలదు.

ట్రంక్ మీద ఫోన్ దించి ఉన్నప్పుడు 48 వోల్టుల చుట్టూ, ఎత్తినప్పుడు సాధారణంగా 6 నుంచి 12 వోల్టుల మధ్య రావాలి. మోగేటప్పుడు అదే పెయిర్ మీద 25 హెర్ట్జ్ వేగంతో సుమారు 75 వోల్టుల ఏసీ వస్తుంది కాబట్టి తడి చేతులతో, ఉంగరాలున్న వేళ్లతో తీగలు పట్టుకోవద్దు. పవర్ సాకెట్‌లో న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య రెండు, మూడు వోల్టులకు మించి కనిపిస్తే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి అది సరిచేయించాలి. అన్నీ సరిగ్గా ఉన్నాక ఎర్తు ముందు, ఎక్స్‌టెన్షన్లు తరువాత, కరెంటు ఆపైన, ట్రంకులు చివరగా కలపాలి.

నంబర్లు, ప్రోగ్రామింగ్

మీటల వరుస ప్రతి కంపెనీకీ వేరు కాబట్టి అది మాన్యువల్‌లోనే చూసుకోవాలి. ఏమి పెట్టాలన్న నిర్ణయం మాత్రం మనదే, అందులో మొదటిది నంబర్ల వరుస. కొన్ని యంత్రాలు ఫ్యాక్టరీ నుంచే 101తో మొదలయ్యే ఎక్స్‌టెన్షన్లతో వస్తాయి. దీన్ని తప్పక మార్చండి. 100 పోలీసులది, 101 అగ్నిమాపక శాఖది, 108 అంబులెన్సుది, 112 అన్ని అత్యవసర సేవలకూ కలిపి ఉన్న నంబరు. ఆఫీసులో ఎవరైనా కుప్పకూలితే పక్కన ఉన్నవారు కంగారులో నేరుగా 108 నొక్కుతారు. అది స్టోరు రూములో మోగితే జరిగే ఆలస్యానికి వెల కట్టలేం. ఎక్స్‌టెన్షన్లను 201 నుంచి మొదలుపెట్టి, యంత్రం అనుమతిస్తే ఆ నాలుగు నంబర్లనూ ట్రంక్ కోడ్ (బయటి లైను కోసం ముందుగా నొక్కే అంకె) లేకుండానే బయటికి పోయేలా అమర్చాలి. అనుమతించకపోతే ప్రతి ఫోన్ మీదా ట్రంక్ కోడ్‌తో కలిపి ఆ నంబర్లు అంటించాలి. ఏ తాళం వేసినా వీటికి వర్తించకూడదు.

రెండోది బయటి కాల్స్ తాళం. పాత పద్ధతిలో సున్నాతో మొదలయ్యే నంబర్లన్నీ ఆపేస్తే ఎస్‌టీడీ ఆగేది. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కు చేసే ప్రతి కాల్‌కూ ముందు సున్నా చేర్చవలసి వచ్చింది కాబట్టి, ఆ పాత తాళం ఉన్న ఆఫీసులో ఏ మొబైల్‌కూ కాల్ పోదు. 09తో మొదలయ్యేవన్నీ మొబైళ్లే కాబట్టి వదిలేయవచ్చు. 06, 07, 08తో మొదలయ్యే వాటిలో మొబైళ్లూ ఉంటాయి, ఎస్‌టీడీ కోడ్లూ ఉంటాయి. తిరుపతి 0877, చిత్తూరు 08572 కూడా ఆ కోవలోవే. ఇప్పటి ప్లాన్లలో దేశీయ కాల్స్‌కు విడిగా లెక్క లేనప్పుడు 00తో మొదలయ్యే విదేశీ కాల్స్‌ను మాత్రం ఆపి, మిగిలినవి వదిలేయడమే వివేకం. ట్రంక్ కోడ్ సున్నా అయితే మొబైల్‌కు రెండు సున్నాలు నొక్కాలన్న సంగతి సిబ్బందికి విడమరచి చెప్పాలి. ఈ అయోమయం వద్దనుకుంటే, యంత్రం ఒప్పుకుంటే, ట్రంక్ కోడ్‌ను 9గా మార్చుకోవచ్చు.

మూడోది, కాల్ ముగిశాక లైను వదలకపోవడం. అవతలివారు పెట్టేసినా యంత్రానికి తెలియక ట్రంక్ దీపం వెలుగుతూనే ఉంటుంది. కొత్త కాల్స్‌కు బిజీ వస్తుంది. మన దేశంలో బిజీ టోన్ 400 హెర్ట్జ్, 0.75 సెకను మోగి 0.75 సెకను ఆగుతుంది. యంత్రంలో బిజీ టోన్ గుర్తింపును ఈ విలువలకు అమర్చాలి. ఫైబర్ లైను మీద విడిగా పరీక్షించి చూడాలి.

రికార్డు చేసిన స్వాగతం పెట్టుకుంటే, తిరుపతి ఆఫీసులకు తమిళనాడు నుంచి, కర్ణాటక నుంచి కూడా కాల్స్ వస్తాయి కాబట్టి తెలుగు తరువాత క్లుప్తంగా తమిళం, కన్నడం లేదా ఇంగ్లీషు చేర్చడం మర్యాద. చివరగా ప్రోగ్రామింగ్ పాస్‌వర్డ్ మార్చాలి. బయటి నుంచి డయల్ చేసి యంత్రం ద్వారా మళ్లీ బయటికి కాల్ చేసుకునే డీసా సదుపాయం ఉంటే, నిజంగా అవసరం లేనంత వరకు మూసి ఉంచాలి. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌తో అది తెరిచి ఉంటే ఎవరో చేసుకున్న విదేశీ కాల్స్ బిల్లు ఆఫీసుకు వస్తుంది.

లోపం వెతికే పద్ధతి

ఫ్రేమ్ సరిగ్గా కట్టి ఉంటే లోపాన్ని సగం సగం చేసుకుంటూ వెతకవచ్చు. ఫోన్ పనిచేయకపోతే ముందు యంత్రం మాడ్యూల్ మీద పరీక్ష ఫోన్ పెట్టి చూడాలి. అక్కడ టోన్ లేకపోతే జంపర్ తీసి మళ్లీ చూడాలి, అప్పుడూ లేకపోతే లోపం యంత్రం వైపు. ఉంటే గదుల మాడ్యూల్ మీద చూడాలి. అక్కడ లేకపోతే జంపర్ లోపం. అక్కడా ఉంటే గది వైపు కేబుల్, సాకెట్, త్రాడు, ఫోన్ వరుసలో చూడాలి. నా సలహా ఏమిటంటే త్రాడు, ఫోన్ మొదట మార్చి చూడండి, రెండు నిమిషాల పని.

ఎడతెగని గుయ్‌మనే శబ్దం వస్తుంటే పెయిర్‌లోని ఒక తీగ ఎర్తుకు తగులుతోందేమో, లేదా వేర్వేరు పెయిర్ల నుంచి ఒక్కో తీగ తీసుకుని గుచ్చారేమో చూడాలి. రెండో సందర్భంలో పక్క ఫోన్ మాటలు కూడా సన్నగా వినిపిస్తాయి. వాన పడిన మర్నాడు మొదలై, రెండు రోజుల ఎండకు తగ్గిపోయే గరగర అయితే ఫోన్లూ కార్డులూ మార్చుకుంటూ కూర్చోవద్దు. బయటి దారిలో చెమ్మ దిగిన అతుకు ఉందని అది చెప్పకనే చెబుతోంది. ఆ గరగర ఉన్న రోజునే ఇన్సులేషన్ కొలవాలి. ఆరిపోయాక కొలిస్తే అంతా సవ్యంగానే కనిపిస్తుంది.

అప్పగింత

ఫ్రేమ్ తలుపు లోపలి వైపు ఒక కాగితం అంటించాలి. మాడ్యూల్ నంబరు, పెయిర్ నంబరు, రంగు, ఎక్స్‌టెన్షన్ నంబరు, గది, ఫోన్ రకం అందులో ఉండాలి. పెన్సిలుతో రాసి, మార్పు జరిగిన ప్రతిసారీ దిద్ది తేదీ వేయాలి. దాని నకలు, మార్చిన పాస్‌వర్డ్, ప్రోగ్రామింగ్ విలువల జాబితా ఒక కవరులో యజమానికి ఇవ్వాలి. మెకానిక్ జేబులో మాత్రమే ఉండే పాస్‌వర్డ్ ఆఫీసుకు ఉపయోగపడదు.

రిసెప్షన్‌లో కూర్చునే వారికి హోల్డ్, ట్రాన్స్‌ఫర్, పికప్ మూడూ చేతులతో చేయించి చూపాలి. ముందు చెప్పిన కరెంటు లేనప్పటి ఏర్పాటును వారి కళ్ల ముందే యంత్రం స్విచ్ ఆపి పరీక్షించాలి. ఏటా మే నెలలో ఎర్తు నిరోధం, సెప్టెంబరులో బయటి అతుకులు, గ్యాస్ ట్యూబులు చూసుకునేలా రిజిస్టరులో రాసి పెట్టించాలి. లైను చచ్చిపోయిందని సర్వీసు సంస్థకు ఫిర్యాదు చేసే ముందు, ఫ్రేమ్‌లోని ట్రంక్ మాడ్యూల్ నుంచి జంపర్ తీసి, బయటి లైను మీద నేరుగా ఒక సాధారణ ఫోన్ పెట్టి విని చూడాలి. టోన్ వినిపిస్తే లోపం మన వైపుది, వినిపించకపోతే అప్పుడే ఫిర్యాదు నమోదు చేయించాలి.